చేతులు వెనక్కి

హాస్టల్, మూడో అంతస్తు, మెట్ల పక్క గది
వానలు మొదలైన వారం

అమ్మమ్మకు,

నమస్కారాలు. ఫోన్ చేస్తే తియ్యనని, ఏదైనా సరే ఉత్తరమే రాయాలని నువ్వు భీష్మించుకు కూర్చున్నావట, మామయ్య చెప్పాడు. సరే, రాస్తున్నాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మా టీచర్ ట్రైనింగ్ కాలేజీ పాత కట్టడం. తరగతి గదుల్లో కిటికీలు పెద్దవి, బల్లలు చిన్నవి. కంప్యూటర్ ల్యాబ్ మాత్రం కొత్తది. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. ఒక్కో మెషీన్ దగ్గర ఇద్దరం కూర్చుంటాం. నా పక్కన కూర్చునే అమ్మాయికి అందరూ సుడిగాలి అని పేరు పెట్టారు. మాస్టారు చెప్పడం మొదలుపెట్టేలోపే ఆమె ఆ పని ముగించేస్తుంది. ఇదేమిటా అని చూసేలోపు ఇంకో పేజీకి వెళ్లిపోతుంది. మా జంటే ఎప్పుడూ అందరికన్నా ముందు. మాస్టారు మెచ్చుకున్నారు కూడా.

ఏడాది చివర్లో ఒక్కొక్కరం ఒక్కో స్కూలుకి వెళ్లి, అక్కడి కంప్యూటర్ గదిలో ఒక పాఠం ఒంటరిగా చెప్పాలి. పరీక్షకురాలు వెనక కూర్చుని చూస్తారు. అందులో నెగ్గకపోతే టీచర్ సర్టిఫికెట్ రాదు. నేను ఏడో తరగతి వర్షపాతం పాఠం తీసుకున్నాను. ఏ నెలలో ఎంత వాన పడిందో ఆ అంకెలు పిల్లల చేత ఎక్కించి, వాటితో స్తంభాల పటం గీయించాలి. చాలా సమయం ఉంది. కంగారేమీ లేదు.

నువ్వెలా ఉన్నావు? మొన్నటి కవరు మీద అడ్రసు కొండెక్కుతున్నట్టుంది. నీ రాత స్కేలు పెట్టి గీసినట్టుంటుంది కదా ఎప్పుడూ?

గువ్వ


ఇంట్లో, వీధి వైపు గది
(బల్లకు ఒక కాలు పొట్టి. అందుకే అడ్రసు కొండెక్కింది)

గువ్వకు ఆశీస్సులు.

ఫోన్ ఎందుకు తియ్యనో చెబుతాను. ఫోన్లో నువ్వు 'ఊఁ', 'ఆఁ', 'బానే ఉంది' తప్ప నాలుగో ముక్క మాట్లాడవు. ఉత్తరంలో అయితే అబద్ధాన్ని కూడా పూర్తి వాక్యంలో చెప్పాలి. అప్పుడు పట్టుకోవడం తేలిక. టీచర్లు కాబోయేవాళ్లకే ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. 'అర్థమైంది మేడమ్' అని తలూపే తలలు ఎన్ని రకాలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. సుడిగాలి చేసింది, పేజీలు మారాయి, మాస్టారు మెచ్చుకున్నారు. చాలా సంతోషం. ఈ ఘనకార్యం జరుగుతున్నంతసేపూ నీ చేతులెక్కడున్నాయి? ఒళ్లోనా? ఆట చూడ్డానికి వెళ్లినవాళ్లు కప్పు పట్టుకుని ఇంటికొచ్చినట్టుంది నీ వరస. పైగా, నేనడక్కుండానే 'కంగారేమీ లేదు' అన్నావు. ఎవరూ అడక్కుండా చెప్పే ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

అది అలా ఉంచు. మీ మామయ్య ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాయట. పాతదొకటి తెచ్చి నా గదిలో పెట్టి, "కాలక్షేపంగా ఉంటుందమ్మా" అన్నాడు. ఉన్న కాలమే నాకు చాలడం లేదు, క్షేపించడానికి ఎక్కణ్నుంచి తేను? దుమ్ము పడకుండా పాత దుప్పటితో తొడుగు కుట్టాను. ఇప్పుడది ముసుగుతన్ని పడుకున్న చుట్టంలా ఉంది. పొమ్మనలేను, లెమ్మనలేను.

అయితే దానితో నాకిప్పుడు పని పడింది. మా మెట్ల మలుపులో లైటు పోయి నెలలైంది. అందరూ గోడ తడుముకుంటూ దిగుతున్నారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీకి కాగితం రాసిస్తే, "టైపు చేసివ్వండమ్మా, ఫైల్లో బాగుంటుంది" అన్నాడు. లైటు వెలగాల్సింది మెట్ల మీదా, ఫైల్లోనా?

నేర్పరా అని మామయ్యని కూర్చోబెట్టాను. ముందు నా కుర్చీ లాక్కున్నాడు, తర్వాత మౌస్ లాక్కున్నాడు. "ఇలా అనాలి, ఆ తర్వాత ఇలా, అంతే" అన్నాడు. ఇలా అంటే ఎలారా అంటే, "అయ్యో, ఇలాగేనమ్మా" అని మళ్లీ తనే చేశాడు. వాడి వీపూ, కుడి చెవీ బాగా కనిపించాయి. కంప్యూటర్ మాత్రం కనిపించలేదు.

అందుకని నువ్వు నేర్పు. ఉత్తరాల్లోనే. నువ్వక్కడ ఉంటావు, మౌస్ ఇక్కడుంటుంది, కాబట్టి లాక్కోలేవు. ముసుగు తీయడం దగ్గర్నుంచి రాయి. నాకేమీ తెలియదనుకో. అనుకోవడం దేనికి, నిజంగానే తెలియదు.

అమ్మమ్మ


హాస్టల్
బట్టలు ఆరని రోజులు

అమ్మమ్మకు,

నీ ఉత్తరం చదివి నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఎటూ మాట్లాడుకోవడం లేదని తర్వాత గుర్తొచ్చింది.

నా చేతులేమీ ఒళ్లో లేవు. నోట్సు రాసుకుంటున్నాయి. సుడిగాలి చేసిన ప్రతి పనీ వరసగా రాసిపెట్టాను. అది చూసే నీకు చెబుతున్నాను.

ముసుగు తియ్యి. బల్ల కింద పెద్ద పెట్టె ఉంది కదా, దాని ముందువైపు గుండ్రటి బటన్ ఉంటుంది. ఒకసారి నొక్కి వదిలెయ్. వెంటనే ఏమీ కనిపించలేదని మళ్లీ నొక్కకు. దానికి లేచి ఒళ్లు విరుచుకోవడానికి కాస్త టైం కావాలి. తెర మీద చిన్న చిన్న బొమ్మలు వస్తాయి. మౌస్‌ని అరచేతి కింద పెట్టుకుని జరుపు, తెర మీద బాణం దానితోపాటే జరుగుతుంది. కాగితంలా ఉన్న బొమ్మ మీదికి బాణాన్ని తీసుకెళ్లి, మౌస్ ఎడమ బటన్‌ని గబగబా రెండుసార్లు నొక్కు. తెల్ల పేజీ వస్తుంది. మన అక్షరాలు వచ్చే ఏర్పాటు మామయ్య ముందే చేశాడట, కనుక్కున్నాను. ఇక టైపు చేసుకో. తప్పు పడితే చెరిపే మీట కుడివైపు, పైన ఉంటుంది. మిగతావాటికన్నా పొడుగు.

అంతే, నీ కాగితం తయారు.

గువ్వ


ఇంట్లో, వీధి వైపు గది

గువ్వకు,

ముసుగు తీశాను. బటన్ నొక్కాను. చుట్టంగారు లేచారు. గబగబా రెండుసార్లు నొక్కమన్నావే, నా వేలు రెండో నొక్కుకి సిద్ధమయ్యేసరికి మొదటిది పాతబడిపోయింది. అయినా వదల్లేదు. పట్టుబట్టి నొక్కితే తెల్ల పేజీ వచ్చింది.

ఒత్తులు నన్ను ఏడిపించాయి. ఒక్కో అక్షరం వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైంది. కానీ సెక్రటరీ గురించి ఒక పేరా రాశానే, అంత మర్యాదగా ఎవర్నీ ఎవరూ తిట్టి ఉండరు.

'అంతే, నీ కాగితం తయారు' అని కదా నువ్వు రాశావు. తయారైందని నమ్మి, ఏ బటన్‌తో లేపానో దానితోనే పడుకోబెట్టబోయాను. మధ్యలో తెర మీద డబ్బాలాంటిదొకటి వచ్చి ఏదో అడిగింది. నీ ఉత్తరంలో లేని డబ్బాకి నేను జవాబు చెప్పడమేమిటని బటన్ అలాగే నొక్కి పట్టుకున్నాను. ఆరిపోయింది. పొద్దున్నే తెరిచి చూస్తే కాగితం లేదు. తిట్టూ లేదు, మర్యాదా లేదు. తెల్లగా నా మొహంలోకి చూస్తోంది.

మీ మామయ్య నవ్వి, "సేవ్ చెయ్యలేదా అమ్మా?" అన్నాడు. అదేమిటో నా టీచర్ నాకు చెప్పలేదన్నాను.

గువ్వా, నీ నోట్సులో ఒక ముక్క లేదు. రాయడం మరిచిపోయావా, అసలు చూడనేలేదా? ఈసారి తలూపకుండా జవాబు చెప్పు.

అమ్మమ్మ


హాస్టల్, వానకి ల్యాబ్ మూసేసిన రోజు

అమ్మమ్మా,

చూడలేదు.

సుడిగాలి పని అవగానే ఆమె వేళ్లు రెండు మీటల మీద టకటకమంటాయి, పేజీ మూసుకుపోతుంది. అప్పటికి నేను తల వంచుకుని ముందు జరిగింది రాసుకుంటూ ఉంటాను. తలెత్తేసరికి ఏమీ ఉండదు. ఇన్ని నెలల్లో నేను ఒక్కటంటే ఒక్కటి కూడా నా చేత్తో సేవ్ చెయ్యలేదు. సేవ్ ఏమిటి, ఏదీ చెయ్యలేదు.

మొదటి వారంలో ఒకసారి మౌస్ పట్టుకున్నాను. బాణం తెర అంచుకి పోయి మాయమైంది. ఎక్కడుందో తెలియక మౌస్ ఎత్తి చూశాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే. ఆ రోజు నుంచి ల్యాబ్‌లోకి వెళ్లగానే మౌస్ సుడిగాలి వైపుకి నేనే జరిపేస్తాను. ఆమె అడగదు కూడా.

పాఠం చెప్పాల్సిన స్కూలు పేరు నోటీసు బోర్డు మీద పెట్టారు. పిల్లలందరి ముందూ నా చేయి అలాగే గాల్లో ఆగిపోతే? నావల్ల కాదు. కోర్సు మానేస్తానని ప్రిన్సిపాల్ గారికి చెప్పాలనుకుంటున్నాను. అమ్మకి చెప్పకు. నీ కాగితం పోగొట్టాను, ఏమీ అనుకోకు.

గువ్వ


ఇంట్లో

గువ్వకు,

మానెయ్యి. కానీ నా మెట్ల లైటు వెలిగాక. మొదలుపెట్టిన విద్యార్థిని మధ్యలో వదిలేసే టీచర్‌కి సర్టిఫికెట్ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

నేను పాఠాలు చెప్పిన రోజుల్లో కంప్యూటర్ లేదు, నల్లబల్ల ఉండేది. దాన్ని చూసి వణికేవాళ్లు. తరగతికి వీపు తిప్పి అక్షరం రాయాలంటే సుద్దముక్క కీచుమనేది, వెనక కిసుక్కుమనేవాళ్లు. అదే కిసుక్కు. ముప్పై ఏళ్లు విన్నాను, దానికి కొత్త రాగమేమీ లేదు. బాగా రాయగలవాళ్లు జాలిపడి, "ఇటివ్వు, నేను రాస్తాను" అని సుద్దముక్క తీసుకునేవాళ్లు. తీసుకున్నవాళ్ల రాత ఇంకా బాగుపడేది. ఇచ్చినవాళ్లు ఇచ్చినచోటే ఉండిపోయేవాళ్లు. అందుకని నా తరగతిలో ఒకటే పద్ధతి పెట్టాను: నేర్పేవాళ్ల చేతులు వెనక్కి. సుద్దముక్క నేర్చుకునేవాళ్ల చేతిలో. నోటితో ఎంతైనా చెప్పండి, చేయి ముందుకి రాకూడదు.

ఆ సుడిగాలితో మాట్లాడు. ఆమెను చేతులు వెనక్కి పెట్టుకోమను. ఊరికే అడగకు, బదులుగా ఆమెకేం కావాలో కూడా అడుగు. అంత వేగంగా పోయేవాళ్లు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. అదెక్కడో కనుక్కో.

ఉత్తరం పొట్టిగా ఉందని అనుకోకు. బల్ల కాలు ఇంకా బాగు చేయించలేదు.

అమ్మమ్మ


హాస్టల్
ఎండ కాసింది, చివరికి

అమ్మమ్మా,

సుడిగాలికి ముందు కోపమొచ్చింది. "నేనేం చేశాను తల్లీ, నువ్వే కదా మౌస్ నా వైపు తోసేది!" అంది. నిజమే. సరేనని చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. కాసేపటికే కుర్చీలో మెలికలు తిరగడం మొదలుపెట్టింది.

"అబ్బా, అక్కడ కాదు. పైన, పైన!"

"పైన అంటే ఎక్కడ?"

"ఎక్కడేమిటి, అదిగో... ఇలా..." అని చేయి ముందుకి తెచ్చి, మళ్లీ వెనక్కి పెట్టుకుంది. తర్వాత మెల్లగా, "నాకు చెప్పడం రాదే" అంది. కిందటి వారం ప్రాక్టీసు క్లాసులో ఆమె పాఠం చెబుతుంటే పిల్లలు పెన్సిళ్లు కింద పెట్టేసి చూస్తూ కూర్చున్నారట. ఎవరికీ ఒక్క ముక్క అందలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట. ఆగిపోయే చోటు అదన్నమాట.

అప్పట్నుంచి ఒప్పందం. చేతులు నావి, మాటలు ఆమెవి. నా బాణం ఇప్పటికీ అంచుకి పారిపోతుంది, కానీ మౌస్ ఎత్తి చూడను. మెల్లగా వెనక్కి లాగితే వస్తుంది.

నిన్న మాస్టారు మా దగ్గరకొచ్చారు. నేను తడుముకోవడం చూసి, అలవాటు కొద్దీ నా మౌస్ మీదికి చేయి చాపారు. సుడిగాలి ఆలోచించకుండా, "సార్, చేతులు వెనక్కి!" అనేసింది. నేను బల్ల కిందికి దూరిపోదామనుకున్నాను. ఆయన తన చేతివంక ఓసారి చూసుకుని, నవ్వేసి, వెనక్కి పెట్టుకున్నారు. ఇవాళ గదంతా అలాగే తిరిగారు, తోటలో షికారు చేస్తున్నట్టు.

ఇప్పుడు సేవ్ చెయ్యడం చెబుతాను. నా చేత్తో చేసి చూసి మరీ రాస్తున్నాను. టైపు చేశాక పేజీ పైన ఎడమ మూలకి బాణాన్ని తీసుకెళ్లు. చిన్న చదరపు బొమ్మ ఉంటుంది, నాలుగు పలకల డబ్బీలా. ఒక్కసారి నొక్కితే చాలు. పేరు అడుగుతుంది. 'లైటు' అని పెట్టు. కింద 'సేవ్' అన్నచోట నొక్కు. గబగబా రెండుసార్లు నొక్కడం కుదరకపోతే, ఒకసారి నొక్కి, పెద్దగా ఉండే 'ఎంటర్' మీట నొక్కినా అదే పని. ఇది సుడిగాలి కాదు, నేనే కనిపెట్టాను.

ఇంకో మాట. ఏ డబ్బా వచ్చినా కంగారుపడి ఆర్పెయ్యకు. ముందు అందులో ఏం రాసుందో చదువు. వచ్చే వారమే నా పాఠం.

గువ్వ


కార్డు మీద, వీధి వైపు గది నుంచి

సేవ్ అయింది. మామయ్య ఆఫీసులో అచ్చయింది. సెక్రటరీ అదిరిపడ్డాడు. లైటు వెలిగింది.

నా షరతు తీరింది. ఇప్పుడు నువ్వు మానెయ్యొచ్చు. మానేస్తావా?

అ.


హాస్టల్, పెట్టె సర్దుకుంటూ

అమ్మమ్మా,

మానలేదు.

ఆ స్కూల్లో కంప్యూటర్ గది కింది అంతస్తులో ఉంది. మెషీన్‌కి ముగ్గురు పిల్లలు. మొదటే చెప్పాను: ఒకరు చెయ్యాలి, మిగతావాళ్లు చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో చెప్పాలి, తర్వాత మారాలి. వాళ్లకదో ఆటలా ఉంది. పరీక్షకురాలు వెనక గోడకి ఆనుకుని కూర్చున్నారు.

గోడ మీది పెద్ద తెరకి కలిపిన మెషీన్ దగ్గరికి ఒకణ్ని పిలిచి, కాగితం మీది వాన అంకెలు ఎక్కించమన్నాను. జూలై దాకా వచ్చాడు. టక్కుమని శబ్దమైంది, తెర నడిమధ్య డబ్బా. నేనెప్పుడూ చూడని డబ్బా. మౌస్ తోసెయ్యడానికి పక్కకి తిరిగాను. పక్కన సుడిగాలి లేదు.

ముందు వరసలో ఒక పిల్ల, "ఇది మీకొచ్చా టీచర్?" అంది. వెనక పరీక్షకురాలి పెన్ను ఆగిపోయింది.

నువ్వు జవాబు చెప్పనన్న డబ్బా గుర్తొచ్చింది. నా చేతులు నిజంగానే వెనక్కి పెట్టుకున్నాను. "రాదమ్మా. దీన్ని నేనూ ఇప్పుడే చూస్తున్నాను. అందులో ఏం రాసుందో గట్టిగా చదువు" అన్నాను. 'ఈ గడిలో అంకె మాత్రమే ఉండాలి' అని చదివింది. అందరూ మెషీన్ దగ్గరున్న వాడివైపు చూశారు.

"కాగితం మీద అంకె చెరిగిపోయింది టీచర్. ఆ నెల వాన బాగా పడింది కదా. అందుకని 'చాలా' అని కొట్టాను."

గదంతా నవ్వు. నేనూ నవ్వాను. సరైన అంకె ఎంతో, ఎక్కడ దొరుకుతుందో పిల్లలే పుస్తకంలో వెతికారు. పటం వచ్చింది. జూలై స్తంభం అన్నిటికన్నా ఎత్తుగా లేచింది. "చాలానే!" అని అరిచాడు వాడు.

నెగ్గాను అమ్మమ్మా. కానీ పరీక్షకురాలు 'లోపాలు' అన్నచోట ఇలా రాశారు: 'పాఠం మొత్తంలో ఉపాధ్యాయురాలు ఒక్కసారి కూడా మౌస్ ముట్టుకోలేదు.' సుడిగాలి కూడా నెగ్గింది. మరీ నెమ్మదిగా చెప్పిందని రాశారట. పొంగిపోతోంది.

ఇక నీ సంగతి. కార్డు మీద అక్షరాలు చీమలు చెదిరినట్టున్నాయి. మామయ్యకి ఫోన్ చేసి బల్ల కాలు గురించి అడిగాను. బల్లకేమైంది, నాలుగు కాళ్లూ సమానంగానే ఉన్నాయన్నాడు. ఇంకేం అడిగినా "అమ్మనే అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. తలూపకుండా జవాబు చెప్పు.

గువ్వ


ఇంట్లో, వీధి వైపు గది, కంప్యూటర్ ముందు

గువ్వకుకుకుకు,

చెరిపే మీట ఎక్కడుందో తెలుసు. కావాలనే చెరపలేదు. వేలు మీట మీద ఒక క్షణం ఎక్కువ ఆగితే అక్షరాలు ఇలా వరస కడతాయి. నా వేలికి ఇప్పుడు ఆగడం, కదలడం తన ఇష్టం.

కుడి చేయి వణుకుతోంది. వానలకి ముందే మొదలైంది. డాక్టరు మందిచ్చాడు. తగ్గదు, ఇంకా పెరగకుండా చూస్తానన్నాడు. గ్లాసు పట్టుకోగలను, మనుషుల్ని దులపగలను. కలం మాత్రం మాట వినడం లేదు. ఆ కార్డు మీద నాలుగు ముక్కలు రాయడానికి పూట పట్టింది. లైటు నిజంగానే పోయింది, సెక్రటరీ నిజంగానే అలా అన్నాడు. కానీ వాడి ఫైలు కోసం ఈ వయసులో ఒత్తులు వెతుక్కుంటానా? నీకు ఉత్తరాలు రాయడం ఆగిపోతుందేమోనని వెతుక్కున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే జాలిపడేదానివి. జాలిపడ్డవాళ్లు చేయి పట్టుకుని రాయిస్తారు. సెలవు పెట్టుకుని పరుగెత్తుకొచ్చి, నా కుర్చీ లాక్కుని, "నువ్వు చెప్పు అమ్మమ్మా, నేను టైపు చేస్తాను" అనేదానివి. అప్పుడు నాకు వీపొకటి కనిపించేది, నీకు కోర్సు పోయేది.

నీ ఉత్తరం మీ మామయ్య చేత పైకి చదివించుకున్నాను. 'చాలా' దగ్గర వాడు నవ్వి దగ్గాడు. ఆ పరీక్షకురాలి మాటకి ఫ్రేము కట్టించు. నా ఉద్యోగం మొత్తంలో అంత మంచి లోపం ఎవరికీ రాయలేకపోయాను.

ఇది టైపు చేస్తుంటే వాడు వెనక నిలబడి చూశాడు. ఒత్తు కోసం నేను వెతుకుతుంటే ఆగలేక, "అటు కాదమ్మా, ఇలా..." అని వంగాడు. చేతులు వెనక్కి అన్నాను. పెట్టుకున్నాడు. నేను వెతుక్కునేదాకా నిలబడ్డాడు, పాపం, ఆఫీసుకి ఆలస్యమైనా.

సేవ్ చేశాను. 'గువ్వ' అని పేరు పెట్టాను. నీ కొత్త స్కూలు అడ్రసు తెలియగానే రాయి. కింద పేరు మాత్రం కలంతో రాస్తున్నాను. కొండెక్కుతుంది. తప్పు బల్ల మీదికి నెట్టను ఇక.

అమ్మమ్మ